నవంబరు పేజీలో రెండు పేర్లు

ఎదురుగాలిలో సైకిల్ తొక్కేటప్పుడు ఎవరు ముందుండాలన్నది నేనూ క్రీనా వంతులేసుకునేవాళ్ళం. కరెంటు స్తంభాల లెక్క. ఇరవై స్తంభాలు తను, ఇరవై నేను. ముందున్న మనిషి గాలికి అడ్డం పడితే వెనకున్న మనిషికి తొక్కడం తేలిక. మా ఊరి నుంచి ఖూస్ పట్నంలో మా హైస్కూలుకి పద్నాలుగు కిలోమీటర్లు, చాలా దూరం సముద్రపు కట్ట మీదే. ఆరేళ్ళలో క్రీనా తన వంతు ఒక్క స్తంభం కూడా ఎగ్గొట్టలేదు. నాకు జ్వరం తగిలిన రోజుల్లో నా ఇరవై కూడా తనే తొక్కేది.

తొంభై రెండు జూన్‌లో ఇద్దరం పరీక్ష పాసయ్యాం. మా దేశపు ఆనవాయితీ ప్రకారం రెండిళ్ళ ముందూ జెండా ఎగరేసి, కర్ర చివర మా పుస్తకాల సంచులు వేలాడగట్టారు. మా వీధిలో ఆ ఏడు నాలుగు సంచులు వేలాడాయి. క్రీనావాళ్ళ సంచి జిప్పు తెరుచుకుని లెక్కల పుస్తకం వాళ్ళ నాన్న నెత్తిమీద పడింది. "లెక్కలు ఇప్పటికి బుర్రకెక్కాయి" అన్నాడాయన.

నాకు ఉట్రెక్ట్‌లో భూగోళశాస్త్రం సీటొచ్చింది. క్రీనాకి అక్కడే న్యాయశాస్త్రం. రోజూ వెళ్ళిరావాలంటే బస్సూ రైలూ కలిపి పోనూ రానూ ఆరు గంటలు. ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్న నన్ను కూర్చోబెట్టి, "ఆగస్టు ఆఖరు లోపల గది దొరికితే వెళ్ళు నెల్. లేకపోతే ఈ ఏడాదికి ఇక్కడే, మాతో. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. అనే ముందు అమ్మ వైపు చూశాడు. అమ్మ బంగాళాదుంపల మీద మాంసం పులుసు పోస్తోంది.

మాది బేకరీ. నాన్నకి పిండి పడదని డాక్టరు చెప్పి అప్పటికి రెండేళ్ళు. పిండి జల్లించిన రోజు సాయంత్రం దాకా దగ్గేవాడు. దగ్గు గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. దగ్గు వినబడినప్పుడల్లా అమ్మ కొట్టులో రేడియో కొంచెం పెంచేది, అంతే.

గది దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అందుకని ఆగస్టు మూడో వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండి వెతుకుదామని బయల్దేరాం. నేనూ, క్రీనా, మా క్లాసులోనే చదివిన హెస్టర్. హెస్టర్ నర్సు చదువుకి ఇంకో ఊరు వెళ్తోంది, తనకి గది అక్కర్లేదు. వాళ్ళ మేనత్త ఉట్రెక్ట్‌లో కాపురం. ఆవిడ సెలవులకి ఫ్రాన్స్ పోతూ, కుండీలకి నీళ్ళు పోస్తే ఇల్లు వాడుకోమంది. మేం కాలవల్లో పడవ తొక్కాలని, చర్చి గోపురం ఎక్కాలని, ఒక్కరోజైనా పెద్దవాళ్ళలాగా బయట బల్లల దగ్గర కూర్చుని కాఫీ తాగాలని జాబితా రాసుకున్నాం. జాబితాలో మొదటిది గది.

అమ్మ మాకు రెండు డజన్ల బోలుస్‌లు కట్టిచ్చింది. అవి మా వైపు చేసే దాల్చినచెక్క రొట్టెచుట్టలు, నల్లచక్కెర పాకంలో మునిగి ఉంటాయి, తింటే మోచేతుల దాకా జిగురు. "తొందరపడి ఏ కంతలోనో దూరకు. నచ్చకపోతే వచ్చెయ్. ఇల్లు ఎక్కడికీ పోదు" అంది.

మొదటి రోజు మూడు ఇళ్ళు చూశాం. ఒకటి నేలమాళిగ, గోడకి చెయ్యి ఆనిస్తే తడి అంటింది. రెండో చోట ముసలాయన తలుపు ఓరగా తీసి, "ఆడపిల్లలకివ్వను. గొట్టాలన్నీ జుట్టుతో పూడిపోతాయి" అన్నాడు.

"మగపిల్లలకి బోడిగుండు ఉంటేనే ఇస్తారా?" అని అడిగింది హెస్టర్.

తలుపు మూసేశాడు. మూడోది అప్పుడే పోయిందట.

మధ్యాహ్నం మనసు బాగుండక తొక్కుడు పడవ అద్దెకి తీసుకున్నాం. ముందు నేనూ హెస్టర్ తొక్కుతున్నాం, వెనక కూర్చుని క్రీనా చుక్కాని పట్టింది. ఆ ఊళ్ళో కాలవ వీధికి ఒక అంతస్తు కింద పారుతుంది. నీళ్ళ పక్కన రాతి అరుగు, అరుగు వెనక పాత కొట్లగదులు, వాటి నెత్తిమీద వీధి, సైకిళ్ళు. అరుగు మీద మొలిచిన చెట్ల కొమ్మలు పైన వీధిలో నడిచేవాళ్ళ మొహాలకి తగులుతుంటాయి. ఒక అరుగు మీద ఎవరో కుర్చీ వేసుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టి చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నాకు ఆ మనిషి మీద చచ్చేంత అసూయ కలిగింది.

"తొక్కవే నెల్" అంది హెస్టర్. "ఆరేళ్ళు సైకిల్ తొక్కిన కాళ్ళేనా అవి, ఎక్కడైనా అరువు తెచ్చావా?"

"నువ్వు తింటున్నావు, నేను తొక్కుతున్నాను. మూడో బోలుస్ అది."

"నాలుగోది. లెక్క సరిగ్గా చెప్పు."

"ఎడమకి పోదాం" అంది క్రీనా వెనక నుంచి. "రెండో వంతెన కింద నుంచి పోతే చేపల బజారు దగ్గర తేలతాం. అక్కడ మెట్లున్నాయి."

"నీకెలా తెలుసే?"

"మ్యాపులో చూశా."

"మ్యాపు నా సంచిలో ఉంది" అంది హెస్టర్ వేళ్ళు నాకుతూ. "పొద్దుట్నుంచీ బయటికి తియ్యలేదు."

"రైల్లో చూశాలేవే. నీకు నిద్రపోవడం తప్ప ఏం తెలుసు?"

చేపల బజారు దగ్గరే తేలాం. మెట్లున్నాయి.

రెండో రోజు విశ్వవిద్యాలయం భోజనశాలలో బోర్డు మీద చీటీ చూసింది నేనే. *సెప్టెంబరు నుంచి గది. కిటికీ కాలవ వైపు. ఏడుగురి ఇల్లు. పిల్లికి మీరు నచ్చాలి.* చింపుకోవడానికి కింద ఫోన్ నంబరు రాసి కత్తిరించి వదిలిన ముక్కల్లో ఒకటే మిగిలింది. చింపి పిడికిట్లో పట్టుకున్నాను.

"అదీ పోయే ఉంటుంది" అంది క్రీనా.

"నిన్నటి తారీఖు వేశారు."

"ఏడుగురంటే పెద్ద గోలిల్లు. నీకు నిద్ర పట్టదు."

"మా ఇంట్లో నాలుగింటికి పిండి మర మొదలవుతుంది. నాకా నిద్ర పట్టనిది?"

పక్కనే ఫోన్ బూత్, అక్కణ్ణుంచే చేశాను. ఎత్తినతను పేరు ఫ్లోరిస్ అన్నాడు, రేపు సాయంత్రం ఏడింటికి రమ్మన్నాడు. నా పేరూ, మా ఊళ్ళో ఇంటి ఫోన్ నంబరూ, హెస్టర్ మేనత్త ఇంటి నంబరూ రాసుకున్నాడు. "పదిమందిని పిలుస్తున్నాం. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడతాం, తర్వాత ఇంట్లోవాళ్ళం ఓటేసుకుంటాం. ఒక్కరు వద్దన్నా వద్దే. ఇంటి రూలు" అన్నాడు. విద్యార్థులుండే ఇళ్ళన్నిటిలోనూ దాదాపు అంతే కాబట్టి నేనేం ఆశ్చర్యపోలేదు.

బయటికొచ్చి చెప్పాను. క్రీనా కాసేపు కాలవలోకి చూసి, "నేనూ వస్తా. ఇద్దరం వెళ్దాం. ఎవరికొస్తే వాళ్ళకి" అంది.

"ఒక్క గదికి ఇద్దరమా?"

"ఒకరు లోపలికెళ్తే రెండోవాళ్ళని తర్వాత లాక్కోవచ్చు కదే. ఇంట్లో మనిషి మాటకి విలువుంటుంది."

ఆ ఆలోచన నాకూ నచ్చింది. "మీరు కూర్చోండి, ఫ్రైస్ పట్టుకొస్తా" అని క్రీనా వెళ్ళింది. దుకాణం ఎదురుగానే ఉంది. తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది, పొట్లం చల్లారిపోయి మెత్తబడింది.

"బంగాళాదుంపలు నాటి, పండించి తెచ్చావా?" అంది హెస్టర్.

క్రీనా నవ్వలేదు. "వరస ఉంది" అంది.

మూడో రోజు సాయంత్రం ఏడింటికి ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఇల్లు సన్నగా, పొడుగ్గా, కొంచెం కాలవ వైపు ఒరిగి ఉంది. మిగిలిన డజను బోలుస్‌లు డబ్బాలో పట్టుకెళ్ళాను. పై అంతస్తులో పెద్ద గది, వెలిసిపోయిన సోఫాలు, నేల మీద దిళ్ళు. ఇంటివాళ్ళు ఐదుగురున్నారు, వచ్చినవాళ్ళం పదిమందిమి.

"ఏడుగురి ఇల్లన్నారు?" అన్నాను ఫ్లోరిస్‌తో. ఒక గది ఖాళీ అయినా ఇంకొకరుండాలి కదా.

"ఒకరు ఇంకా చేరలేదు" అని అతను డబ్బా అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

క్రీనా నా పక్కన కాకుండా ఎదురు మూల కూర్చుంది. ఇద్దరం ఒకే ఊరివాళ్ళమని తెలిస్తే మంచిది కాదని దారిలోనే చెప్పింది.

ప్రశ్నలడిగారు. ఎవరు అంట్లు తోముతారు, ఎవరు తెల్లారి పాటలు పెడతారు, అలాంటివి. కళ్ళజోడమ్మాయి ఒకామె నన్ను అడిగింది. "ఫ్రిజ్‌లో నీది కాని జున్ను ముక్క ఉంది. కొట్లు మూసేశారు. ఆకలి. ఏం చేస్తావు?"

"తింటాను" అన్నాను. "మర్నాడు రెండింతలు పెడతాను. పైన రొట్టె కూడా. మాది బేకరీ."

అందరూ నవ్వారు. పిల్లి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. నా వేళ్ళకున్న చక్కెర పాకం వల్లే వచ్చిందని నాకు తెలుసు, కానీ వాళ్ళకి తెలియదు. "ఓటు పడింది" అన్నారెవరో. నేను క్రీనా వైపు చూశాను. తను కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కాసేపటికి టాయిలెట్‌కి వెళ్ళాను. మా అందరిళ్ళలోలాగే అక్కడా తలుపు లోపలి వైపు పుట్టినరోజుల క్యాలెండరు తగిలించి ఉంది. అందులో వారాలుండవు, తారీఖులే, కనుక ఒకటి కొంటే ఇరవై ఏళ్ళు వేలాడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి చదవడానికి ఇంకేం ఉండదు. ఇంట్లో కొత్త మనిషి చేరగానే ముందు అందులో పేరెక్కిస్తారు. మా అమ్మ క్యాలెండర్లో మొత్తం వీధి ఉంటుంది. నవంబరు తొమ్మిదిన క్రీనా, పన్నెండున నేను. చిన్నప్పుడు మాకు ఏటా ఒకటే కేకు, రెండు పేర్లు.

ఆగస్టు పేజీ తెరిచి ఉంది. ఈ ఇంట్లో నా రోజున పుట్టినవాళ్ళెవరైనా ఉన్నారా అని నవంబరుకి తిప్పాను.

పన్నెండో గడి ఖాళీగా ఉంది. తొమ్మిదో గడిలో ఆకుపచ్చ సిరాతో, *క్రీనా, 73*.

ఆ దస్తూరి చూసి ఆరేళ్ళు నేను నోట్సు రాసుకున్నాను. ఆకుపచ్చ పెన్ను వాళ్ళ నాన్న పరీక్షకి ముందు కొనిచ్చింది.

నాకు మొదట కలిగింది సంతోషం. ఇప్పటికీ అదే తల్చుకుంటాను. ఇంకా చేరని ఆరో మనిషి తనే. ఎప్పుడో వచ్చి, గది సంపాదించి, నాకు చెప్పకుండా దాచి, ఇప్పుడు నన్ను లాగుతోంది. క్రీనాకి అలాంటి అలవాటుంది. నా పదహారో పుట్టినరోజుకి మా కొట్టు వెనక పిండి గదిలో ఎనిమిది మందిని గంటసేపు తుమ్మకుండా దాచింది. చుక్కాని, రెండో వంతెన, ఫ్రైస్ దుకాణంలో అరగంట, అన్నీ అమరాయి. 'ఇంట్లో మనిషి మాటకి విలువుంటుంది.' ఇంకా ఎంత విప్పి చెప్తుంది?

క్యాలెండరుకి దారంతో పెన్సిలు వేలాడుతోంది. పన్నెండో గడిలో *నెల్, 73* అని రాశాను. నేనూ కనిపెట్టానని నవంబరులో తనకి తెలుస్తుంది, అప్పుడు నవ్వుకుందాం అనుకున్నాను. మళ్ళీ ఆగస్టుకి తిప్పి బయటికొచ్చాను.

గదిలోకి వచ్చి కూర్చుని తనకి కన్ను గీటాను. క్రీనా మొహం తిప్పుకుంది. ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను.

మర్నాడు పొద్దున రొట్టెకి వెన్న రాస్తుంటే ఫోన్ మోగింది. ఎంచుకున్నవాళ్ళకే ఫోన్ చేస్తామని వాళ్ళు ముందే చెప్పారు. హెస్టర్ కుండీలకి నీళ్ళు పోస్తోంది. క్రీనా ఫోన్ పక్కనే కూర్చునుంది గానీ కదల్లేదు. నేనే ఎత్తాను.

"నేను నెల్‌ని."

అటు నుంచి ఫ్లోరిస్, "క్రీనా ఉందా?" అన్నాడు.

ఇచ్చాను. తను గోడ వైపు తిరిగి, "అవునా. సరే. థాంక్స్" అంది. పెట్టేసింది. "నాకొచ్చింది" అంది.

"ఇంకా?"

"ఇంకా ఏంటి?"

"ఇంకేం చెప్పలేదా?"

"లేదు నెల్. ఒక్క గదే కదా."

నేను తన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను, నవ్వు ఎక్కణ్ణుంచి మొదలవుతుందా అని. పెదాల చివర మొదలవుతుంది తనకి. మొదలవలేదు. హెస్టర్ నీళ్ళ చెంబు పట్టుకునే పరిగెత్తుకొచ్చి, "రాక్షసీ, సాధించావే" అని కౌగిలించుకుంది. క్రీనా భుజం మీద నీళ్ళు ఒలికాయి. హెస్టర్ నా వైపు తిరిగి, "నీకూ దొరుకుతుందిలే, ఇంకా ఈ రోజంతా ఉంది" అంది.

నేను కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, క్రీనా దగ్గరికెళ్ళి మూడు ముద్దులు పెట్టాను, ఆ చెంప, ఈ చెంప, మళ్ళీ ఆ చెంప. "శుభాకాంక్షలు" అన్నాను. తన చెంప చల్లగా ఉంది.

క్యాలెండరు సంగతి నేను అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తుందేమో అని ఒక భయం. నిజం చెప్తుందేమో అని ఇంకా పెద్ద భయం. ఒక్కరు వద్దన్నా వద్దే అన్నారు. ఆ ఒక్కరు ఇంకెవరైనా కావచ్చు కదా అని రైలు రూసెండాల్ చేరేదాకా నాకు నేను చెప్పుకున్నాను. ఎదురు సీట్లో క్రీనా కళ్ళు మూసుకునుంది. నిద్రపోయినప్పుడు తన నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఆ రోజు మూసే ఉంది. జాబితాలో చర్చి గోపురం ఎక్కడం మిగిలిపోయింది.

కొట్టు తలుపు గంట మోగగానే అమ్మ తలెత్తి, నేనింకా సంచి దించకముందే, "దొరకలేదా తల్లీ? పోనీలే" అంది. నా గదిలో మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంది, చలికాలానిది.

సెప్టెంబరు మొదటి ఆదివారం క్రీనావాళ్ళ కారు మీద పరుపు కట్టారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అమ్మ బోలుస్‌ల డబ్బా కారు కిటికీలోంచి క్రీనా ఒళ్ళో పెట్టి, తన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. క్రీనా నా వైపు కాకుండా డబ్బా మూత వైపు చూస్తూ, "ఉత్తరం రాయవే" అంది.

"నువ్వూ రాయి" అన్నాను.

ఇద్దరం రాయలేదు.

నేను పిండి జల్లించడం మొదలుపెట్టాను. నాన్నని పిండి గది గుమ్మం తొక్కనివ్వలేదు. అక్టోబరుకి ఆయన దగ్గు సగానికి తగ్గింది, రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నాడు. అమ్మ రేడియో ఎప్పటి మోతాదులోనే పాడుతోంది. చుట్టలు చుట్టడంలో నా చెయ్యి నాన్న చేతికన్నా వాటంగా ఉందని కొట్టుకొచ్చేవాళ్ళు అనేవారు. అమ్మ నాకు పాత గ్లౌజులు పారేసి కొత్తవి కొంది, మధ్యాహ్నం నిద్రపొమ్మని తరిమేది, నాకిష్టమని వారంలో రెండుసార్లు బఠాణీ చారు పెట్టేది. అంత ప్రేమగా అమ్మ ముందెన్నడూ లేదు. ఓడిపోయి వచ్చానని జాలి పడుతోందనుకునేదాన్ని. ఆ జాలి నాకు బాగానే ఉండేది.

నవంబరు తొమ్మిదికి క్రీనా ఇంటికి రాలేదు. పరీక్షలట. వాళ్ళమ్మ కోరీ అత్త కొట్టుకొచ్చి ఒక్క పేరుతో చిన్న కేకు రాయించుకుని ఉట్రెక్ట్ వెళ్ళడానికి బస్సెక్కింది.

పన్నెండున మా ముందుగదిలో కుర్చీలన్నీ గోడల వెంట గుండ్రంగా వేశాం. వీధివాళ్ళు, చుట్టాలు, పద్నాలుగు మంది. మా వైపు పుట్టినరోజంటే పుట్టినవాళ్ళకి ఒక్కళ్ళకే శుభాకాంక్షలు చెప్పి ఊరుకోరు. వచ్చినవాళ్ళు మొత్తం చుట్టూ తిరిగి ఇంటిల్లిపాదికీ చెయ్యి కలుపుతారు. "మీ అమ్మాయి పుట్టినరోజు శుభాకాంక్షలు డీనా" అని అమ్మకి, "మీ అమ్మాయి పుట్టినరోజు శుభాకాంక్షలు" అని నాన్నకి. మా తాతయ్యకి చెవులు వినబడవు గనక రెండుసార్లు.

"పంతొమ్మిది నిండాయి, బంగారంలాంటి పిల్ల. పట్నం పోయి చెడిపోకుండా ఇంటి పట్టునుంది" అంది ఎదురింటి లేనా అత్త.

"దాని దయ" అంది అమ్మ కేకు కోస్తూ.

ఫోన్ నడవాలో మోగింది. "నీకేలే, చూడు" అన్నాడు నాన్న.

ఎత్తగానే నాలుగైదు గొంతులు కలిసి పుట్టినరోజు పాట అందుకున్నాయి, శ్రుతి లేకుండా, చివర్న ఎవరో గరిటెతో గిన్నె మోగించారు. తర్వాత ఒక గొంతు, "ఫ్లోరిస్‌ని. కాలవ పక్కిల్లు. క్యాలెండర్లో పేరున్న ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి పాడటం మా ఇంటి రూలు. పొద్దున పేజీ చూస్తే పన్నెండున నెల్ అనుంది. ఎవరో పాత అద్దెమనిషి అనుకున్నాం. దస్తూరి ఎవరిదని క్రీనాని అడిగితే కోటు తగిలించుకుని బయటికెళ్ళిపోయింది. అప్పుడు నాకు జున్ను గుర్తొచ్చింది. ఆగస్టు కాగితంలో నీ నంబరుంది."

"థాంక్స్" అన్నాను.

"నెల్, ఒకటడగనా? మీ అమ్మగారికి ఎలా ఉంది?"

నడవాలోంచి ముందుగది తలుపు సందులో అమ్మ కనబడుతోంది. పళ్ళెం మీద పళ్ళెం పెట్టి ఎడమ చేతి మీద నాలుగు మోస్తోంది.

"బాగానే ఉంది. కేకు పంచుతోంది. ఎందుకు?"

వెనక గొంతులు సద్దుమణిగాయి.

"ఆవిడ మంచం మీద ఉన్నారని క్రీనా చెప్పింది. నువ్వు లేకపోతే బేకరీ మూతపడుతుందని. జూన్‌లో గది వచ్చిందని చెప్పడానికి మీ కొట్టుకొస్తే మీ అమ్మగారే తన చెయ్యి పట్టుకుని అడిగారట, మా పిల్లని ఈ ఒక్క ఏడాది నాకు వదిలెయ్యి, తనకి తెలియనివ్వకు అని. ఆగస్టులో నువ్వు మాకు ఫోన్ చేసిన రోజే, నీ తర్వాత తనూ ఫోన్ చేసి ఇదంతా చెప్పి ఏడ్చింది. నీకు కూడా మనసులో రావాలని లేదనీ, మీ నాన్న తృప్తి కోసం గది వెతుకుతున్నట్టు నటిస్తున్నావనీ అంది. మేం నమ్మాం. నమ్మి ఆ నాటకం ఆడాం. తప్పే."

"ఓట్లు?"

"ఐదుగురం నీకే వేశాం" అన్నాడు. "పిల్లితో ఆరు."

నేను ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటున్నాను. వేలి చివర తెల్లబడింది. మంచం మీద ఉందన్న ముక్క క్రీనా కల్పించింది. మిగతాది కల్పన కాదని నాకు వెంటనే తెలిసింది. చలికాలపు దుప్పటి, కారు కిటికీలో వదలని చెయ్యి, బఠాణీ చారు. నాన్న గడువు చెప్పే ముందు అమ్మ వైపు చూడటం.

"పాటకి థాంక్స్" అని పెట్టేశాను.

ముందుగదిలోకి వచ్చాను. అందరూ తలలెత్తారు.

"ఎవరే?" అంది అమ్మ. నా వంతు పళ్ళెం చేతిలో పట్టుకునుంది.

"ఉట్రెక్ట్ నుంచి. క్రీనా ఇంట్లోవాళ్ళు. శుభాకాంక్షలు చెప్పారు."

"నీకా? భలే మంచివాళ్ళే."

"నీకు చెప్పమన్నారు" అన్నాను. "నీకు ఎలా ఉందని కూడా అడిగారు. మంచం మీద ఉన్నావనుకున్నారట."

లేనా అత్త నవ్వింది. "నువ్వా డీనా, మంచం మీదా? ఎవరితో పొరబడ్డారో."

అమ్మ నవ్వలేదు. పళ్ళెం నాకందించింది. అందుకున్నాను. కుర్చీలో కూర్చుని కేకు తిన్నాను, మొత్తం, పైనున్న క్రీముతో సహా. పక్క కుర్చీలో నాన్న తాతయ్య చెవిలో, "ఉట్రెక్ట్ నుంచి ఫోనట" అని అరుస్తున్నాడు. నాన్నకి ఏమీ తెలియదని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ ఒక్కటే నాకు కొంత ఊరట.

అందరూ వెళ్ళాక అమ్మ కప్పులు కడుగుతుంటే నేను తుడుస్తున్నాను. పద్నాలుగు కప్పులు. పదో కప్పు నా చేతికొచ్చింది.

"నాన్న దగ్గు నువ్వూ విన్నావుగా" అంది అమ్మ, నీళ్ళలోకి చూస్తూ.

"విన్నాను."

"అప్పటికి నీకు పద్దెనిమిదేళ్ళు. సీటొచ్చింది. ఏ మొహం పెట్టుకుని ఉండమనడం? అందుకే..."

"అందుకే క్రీనాని అడిగావు."

అమ్మ కప్పు లోపల వేలు పెట్టి అక్కడ లేని మరకని రుద్దుతోంది.

"నన్ను అడిగి ఉండొచ్చు" అన్నాను.

"అడిగుంటే ఏమనేదానివి?"

నేను పదకొండో కప్పు అందుకుని తుడిచి, పిడి కుడివైపుకి వచ్చేలా అల్మారాలో పెట్టాను. మా ఇంట్లో కప్పులు అలాగే పెడతాం.

"ఉంటాననేదాన్ని" అన్నాను.

అమ్మ కుళాయి తిప్పింది. కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నేను గుడ్డ పట్టుకుని, ఆ కప్పు కోసం పక్కనే నిలబడ్డాను.